కుక్కతో వైజాగ్ నుంచి భీమిలి దాకా: ఒక పూట ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు?

జున్ను వాళ్ళ నాన్న:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ కొంపల్లి నుంచి మధురవాడకి మారి నాలుగు నెలలైంది. మాతో జున్ను కూడా వచ్చాడు. మూడేళ్ళవాడు, సగం లాబ్రడార్, సగం ఊరకుక్క, 28 కిలోలు. అక్కడ అపార్ట్‌మెంట్ చుట్టూ తిప్పడమే తప్ప వాడికి వేరే లోకం తెలీదు. సముద్రం పక్కకి వెళ్తున్నాం, ఇక వీడికి పండగే అనుకుంటూ వచ్చాను.

మొన్న డిసెంబర్లో మొదటిసారి తీసుకెళ్ళాం. అమ్మానాన్న కూడా ఉన్నారు. టిఫిన్లు చేసి బయల్దేరేసరికి పదిన్నర. గేటు ఉన్న ఒక బీచ్ దగ్గర కుక్కని లోపలికి రానివ్వమన్నారు. సరే, భోజనానికి ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకున్న ఒక రిసార్టుకి పోదామనుకున్నాం. ఫోన్లో తీసుకురండి అన్నవాళ్ళే గేటు దగ్గర కుదరదన్నారు. చివరికి రోడ్డు పక్కన కారాపి ఇసుకలోకి దింపితే నాలుగడుగులు వేసి కాళ్ళు ఎత్తి ఎత్తి పెట్టడం మొదలెట్టాడు. అలని చూసి బెదిరాడు, ఆ తర్వాత ఉప్పునీళ్ళు గబగబా తాగేశాడు. ఇంటికొచ్చాక రాత్రంతా వాంతులు. అమ్మ వాడి పక్కనే చాప వేసుకుని పడుకుంది. పొద్దున్న లేచి, "నోరులేని జీవాన్ని నీ సరదా కోసం తిప్పకురా" అంది. ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది.

సంక్రాంతికి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి సరిగ్గా చేద్దామని ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. కుక్కతో ఈ రోడ్డు మీద తిరిగిన అనుభవం ఉన్నవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి. ఎక్కడ దింపొచ్చు, ఎక్కడ దింపకూడదు, తిండి సంగతేంటి, నీడ ఎక్కడ దొరుకుతుంది?

నల్లోడమ్మ:

బాబూ, మీ అమ్మగారు చాప వేసుకుని పడుకున్నారని చదివి వెంటనే రాయాలనిపించింది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. భీమిలి దగ్గర ఉంటున్నాం. మా నల్లోడికి తొమ్మిదేళ్ళు. మంగమారిపేటలో బోర్లించిన పడవ కింద దొరికాడు, అప్పటికి కళ్ళు తెరిచి వారం కూడా అయ్యుండదు. అప్పట్నుంచి ఒంట్లో బాగుంటే ప్రతి ఆదివారం ఈ రోడ్డు మీదే మా తిరుగుడు.

మీరు ఎక్కడికి అని అడిగారు. ముందు ఎన్ని గంటలకి అన్నది తేల్చుకోండి, ఎక్కడికి అన్నది తర్వాత. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేచి సూటిగా ఇసుక మీదే పడతాడు, మధ్యలో చెట్టూ చేమా అడ్డం ఉండదు. సంక్రాంతి రోజుల్లో పొద్దు పొడిచేది సుమారు ఆరున్నరకి. మీరు ఆరింటికల్లా ఇసుక మీద ఉండాలి, ఎనిమిదిన్నరకి లేచిపోవాలి. తొమ్మిదిన్నర దాటితే జనవరిలో కూడా పొడి ఇసుక చురుక్కుమంటుంది. మీ చేతిని తిరగేసి వెనకవైపు ఇసుకకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మధ్యలో చెయ్యి తియ్యాలనిపిస్తే వాడి పాదాలకీ అదే బాధ. సాయంత్రమైతే మనకి పడమట కొండలున్నాయి కాబట్టి పొద్దు త్వరగా వాటి చాటుకి పోతుంది, నాలుగున్నర నుంచి చల్లబడుతుంది. వేసవిలోనైతే నేను తెల్లారి ఐదింటికే వెళ్ళి ఏడింటికి తిరిగొచ్చేస్తాను.

రుషికొండ సంగతి ముందే చెప్పేస్తాను. దానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నిలబడాలంటే ఉన్న షరతుల్లో కుక్కల్నీ పెంపుడు జంతువుల్నీ గట్టిగా అదుపు చెయ్యాలన్నది ఒకటి. అక్కడి కుర్రాళ్ళు ఆపితే అది వాళ్ళ ఉద్యోగం, మనసు కష్టపెట్టుకోకండి. కంబాలకొండ అభయారణ్యం, అక్కడికి కుక్కని తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. యారాడ అందంగా ఉంటుంది, మూడు వైపులా కొండలే. కానీ డాల్ఫిన్ కొండ మీద మెలికలు తిరిగే రోడ్డు, కారులో కడుపు తిప్పే కుక్కకి నరకం. పైగా మీరు ఊరికి ఈ చివర ఉన్నారు. మీరు భీమిలి వైపే రండి.

ఆర్కే బీచ్ గురించి అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. తెల్లవారుజామున అక్కడ బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, నడిచేవాళ్ళదే రాజ్యం. మీ అమ్మగారికి చదునైన దారి, కూర్చోడానికి గట్లు. కురుసుర జలాంతర్గామి ముందు నుంచి అటూ ఇటూ ఓ అరగంట నడిస్తే కుక్కకీ మనిషికీ హాయి. కానీ ముందు రోజు సాయంత్రం జనం తిని పారేసిన చెత్త ఇసుకలోనే ఉంటుంది. అందులో మొక్కజొన్న కండెలు ఉంటాయి. కుక్క వాసనకి అంతకంటే రుచైన వస్తువు ఇంకోటి లేదు, ఉప్పూ నిమ్మకాయా కారమూ పట్టి ఉంటాయి కదా.

2019లో మా నల్లోడు అలాంటి కండె ముక్క ఒకటి నమలకుండానే మింగేశాడు. నేను చూశాను, పరిగెత్తాను, వేలు పెట్టేలోపు గుటుక్కుమంది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు తిన్నది తిన్నట్టు కక్కాడు. మూడో రోజు నీళ్ళు కూడా నిలవలేదు. పేగులో అడ్డం పడిందన్నారు, పొట్ట కోసి తీశారు. డాక్టరుగారు స్టీలు పళ్ళెంలో పెట్టి చూపించారు. నా బొటనవేలంత ముక్క, ఒక గింజ కూడా లేదు, పైన గరుకుగా ఆ గుంటలు అలాగే ఉన్నాయి. పదకొండు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ వాడి పొట్ట మీద ఆ గీత వెంట వెంట్రుక మొలవదు. అప్పట్నుంచి ఆర్కే బీచ్‌లో వాడి మూతికి చిక్కం లేకుండా దింపను. పొలంలో ఎద్దులకి కడతారే, అలాంటిదే, కుక్కలకీ ప్లాస్టిక్ బుట్టలా దొరుకుతుంది. లోపల నోరు తెరిచి రొప్పడానికి జాగా ఉండేది చూసి కొనండి. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీలు వద్దే వద్దు, అవి కడితే కుక్క వేడిని వదిలించుకోలేదు.

ఇక మీకు నేను చెప్పే దారి ఇది. మధురవాడ నుంచి ఐదున్నరకల్లా బయల్దేరి రుషికొండ మీదుగా బీచ్ రోడ్డు ఎక్కి, ఎక్కడా ఆగకుండా మంగమారిపేటకి రండి. తొట్లకొండ ఎదురుగా ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. ఆటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, దాని పక్కదాకా నడవొచ్చు. అయితే ఆ రాళ్ళకి గవ్వలూ నత్తగుల్లలూ అంటుకుని బ్లేడుల్లా ఉంటాయి. కుక్కని రాళ్ళ మీదికి ఎక్కించకండి, తడి ఇసుక మీదే నడిపించండి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పాదం దిగబడదు, మీ అమ్మగారికి కూడా పొడి ఇసుక కంటే అదే నయం.

అది జాలరి ఊరు. మనకి బీచ్, వాళ్ళకి వాకిలి. ఆ మాట నాకు బాగా బోధపడిన రోజు ఒకటుంది. నల్లోడికి ఏడాది లోపు వయసు, చైను వదిలేశాను. ఇసుక మీద పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెట్టారు. వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. వీడు సరాసరి వెళ్ళి ఒక మూల కాలెత్తాడు. దూరం నుంచి ఒకామె కేకేసింది: "ఓలమ్మా, కుక్కని అలా ఒగ్గేసినారేటి? పిల్లల కూడమ్మా అది!" నా కాళ్ళు వణికాయి. ఆమె పాడైన చేపల్ని గుప్పిళ్ళతో ఏరి పక్కన పడేస్తుంటే నేనూ కూర్చుని ఏరాను. డబ్బులిస్తే మొదట తీసుకోనంది. బలవంతం మీద 200 తీసుకుంది. ఇప్పుడు ఆ ఊరు వెళ్తే ముందు ఆమె గుమ్మం దగ్గరే ఆగుతాను. నల్లోడి చెవులు పట్టుకుని "ఏటిరా నల్లోడా" అని పలకరిస్తుంది. కానీ ఆ రోజు నుంచి ఊరు కనపడే మేర నా చేతిలో చైను రెండు మూరలు దాటదు.

ఆ ఊరి కుక్కలు కూడా ఉంటాయి. పడవల నీడలో పడుకుంటాయి. అవి ఒక్కోటీ కొంత ఒడ్డు తమదనుకుంటాయి. మీ జున్ను వాటి కళ్ళలోకి చూస్తూ నిలబడకుండా మీరు నీళ్ళ అంచు వెంట వంపు తిరిగి నడిచిపోండి. పరిగెత్తకండి, రాయి ఎత్తినట్టు కూడా చెయ్యకండి. నాలుగు మొరిగి ఊరుకుంటాయి.

తొట్లకొండ పైకి వంతులు వేసుకుని వెళ్ళండి. ఇద్దరు పైకి, ఇద్దరు కింద కుక్కతో. అది రక్షిత బౌద్ధ క్షేత్రం, రెండు వేల ఏళ్ళనాటి స్తూపాల పునాదుల మధ్య కుక్కని తిప్పడం నాకు సబబుగా తోచదు. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, వాటివల్లే ఆ పేరు. మీ నాన్నగారికి నచ్చుతుంది.

అక్కణ్ణుంచి ఎర్రమట్టి దిబ్బలు. ఏడున్నరకి అక్కడ ఉంటే బాగుంటుంది, ఏటవాలు ఎండ పడి ఆ ఎరుపు ఇటుక రంగు నుంచి కుంకుమ రంగుకి మారుతూ కనిపిస్తుంది. వేల ఏళ్ళపాటు గాలి తెచ్చి పోసిన ఇసుక, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వానలు దాన్ని కోసి కోసి సందులు చేశాయి. భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. కింద సందుల్లో నడవండి, గోడల మీదికి ఎక్కకండి. చెయ్యి ఆనిస్తేనే పిండిలా రాలుతుంది. మా వాడికి తవ్వడం పిచ్చి, అందుకే అక్కడ చైను పొట్టి చేసి పట్టుకుంటాను. ఒక కుక్క ఐదు నిమిషాల్లో తవ్వింది మళ్ళీ పూడదు. జీడిమామిడి చెట్ల కింద నీడ ఉంటుంది, మీ అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టొచ్చు. జున్ను తెల్లవాడైతే మోకాళ్ళ దాకా ఎర్ర మేజోళ్ళు తొడిగినట్టు బయటికొస్తాడు. సీటు మీద పాత దుప్పటి పరుచుకుని రండి.

చివరికి భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు మీ జున్నుకి సరిగ్గా సరిపోతుంది. అలకి బెదిరే కుక్కకి ముందు అల లేని నీళ్ళు చూపించాలి. నది వైపు ఇసుక తిన్నె పక్కన చీలమండ లోతు నీళ్ళుంటాయి, చిన్న చిన్న మడతలు తప్ప అల ఉండదు. మీరు ముందు దిగి నిలబడండి, పిలవకండి, లాగకండి. వాడంతట వాడు వస్తాడు. కానీ మొగ దగ్గరికి, అంటే నది నోటి దగ్గరికి పోకండి. నీరు సముద్రంలోకి లాగే వేళ అక్కడ ఒరవడి చాలా గట్టిది, పెద్ద మనుషులే నిలదొక్కుకోలేరు. చైనుకి బదులు పదిహేను అడుగుల తాడు, ఛాతీకి పట్టే బెల్టు వాడండి, మెడ పట్టీకి తాడు కట్టి నీళ్ళలో లాగితే ఊపిరాడదు.

తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకుని సరుగుడు చెట్ల కింద కూర్చుంటే ఏ రిసార్టు గేటు దగ్గరా అడుక్కోనక్కర్లేదు. వాడికి మాత్రం బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి. రెండు ముద్దలు చాలు, తిరిగొచ్చాక మిగతాది. తాగడానికి ఐదు లీటర్ల క్యాను వాడి ఒక్కడికే. ఉప్పునీళ్ళు ఎందుకు తాగాడంటే దాహం వేసి. పావుగంటకోసారి మీరే గిన్నె ముందు పెడితే సముద్రం వైపు మూతి పెట్టడు.

పదింటికల్లా ఇంటికి. రోజంతా తిరగాలని పెట్టుకోకండి.

తాబేళ్ళ కాపలా:

మేడమ్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తీసేది లేదు. ఒకటి కలపాలి. దయచేసి దీన్ని చివర్లో చదివి వదిలెయ్యకండి.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్నాను. రెండేళ్ళుగా ఈ సీజన్లో అటవీశాఖ వాళ్ళతో రాత్రిళ్ళు ఒడ్డు వెంట నడిచే కుర్రాళ్ళలో నేనొకణ్ణి. కుక్కతో బీచ్‌కి రావడానికి ఏ నెలలు బాగుంటాయో, సరిగ్గా ఆ నెలల్లోనే, జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వస్తాయి. రాత్రి పూట ఎక్కి, పొడి ఇసుకలో మూరెడు లోతు గొయ్యి తీసి, వంద, వంద పైన గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, ఒంటితో అదిమి మళ్ళీ నీళ్ళలోకి పోతాయి. మేం ఆ గుడ్లు తీసి, కంచె వేసిన హేచరీలో మళ్ళీ పాతిపెడతాం. పిల్లలు రావడానికి నెలన్నర పైనే పడుతుంది. కానీ అన్ని గూళ్ళూ మాకు దొరకవు.

కుక్కకి దొరుకుతాయి. వాసన పడితే రెండు నిమిషాలు చాలు. నేను చూసిన మొదటి గూడే అలా చూశాను. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి పెంకులు, మెత్తగా ఉంటాయి, పగలవు, నొక్కుకుపోతాయి. చుట్టూ పది గజాల మేర పసుపు సొన ఇసుకలో ఇంకి గడ్డకట్టింది. ఒక్క గుడ్డు మిగల్లేదు. పాదముద్రలు కుక్కవి, పక్కనే మనిషి చెప్పుల గుర్తులు కూడా ఉన్నాయి. అంటే ఎవరో తీసుకొచ్చిన కుక్కే. ఆయన పక్కనే నిలబడి ఉంటాడు, ఏదో తవ్వుకుంటున్నాడులే అనుకుని ఉంటాడు.

పొద్దున్నే వెళ్తే ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడలా ఒక దారి నీళ్ళ దగ్గర్నుంచి పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగి కనిపిస్తుంది. అదే తల్లి జాడ. పైకొస పొడి ఇసుకలో కలబెట్టినట్టుంటే గూడు ఉన్నట్టే. కుక్కని అక్కణ్ణుంచి దూరంగా తీసుకుపోండి, మీరు తొక్కకండి, జాడ చెరపకండి. దగ్గర్లో హేచరీ కంచె ఉంటే అక్కడి మనిషికి చెప్పండి, లేదా ఊళ్ళో జాలరులకి చెప్పినా కబురు చేరుతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణో ఈ తాబేలుకీ అంతే.

ఈ మూడు నెలలూ చీకటి ఉండగా కుక్కతో ఇసుక మీదికి రావద్దు. పొద్దు పొడిచాక రండి, తడి ఇసుక మీదే నడిపించండి, చైను వదలొద్దు. గూళ్ళు పొడి ఇసుకలో ఉంటాయి కాబట్టి నీళ్ళ అంచున నడిచే కుక్కతో ఏ బాధా లేదు. వచ్చేటప్పుడు చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్ళు కూడా కనిపించొచ్చు, వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి. వాటి దగ్గరికీ పోనివ్వకండి.

నల్లోడమ్మ:

బాబూ, నువ్వు రాసింది చదివి ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. పై పోస్టులో వేసవిలో తెల్లారి ఐదింటికి వెళ్తానని రాశాను. మార్చిలో ఎండలు ముదిరాక ఎన్నోసార్లు చీకటి ఉండగానే దింపాను. చైను ఉండేది, కానీ చీకట్లో వాడి మూతి ఏ ఇసుకలో ఉందో నేను చూసుకోలేదు. ఇక మీదట ఏప్రిల్ దాటేదాకా వెలుగొచ్చాకే దింపుతాను. జున్ను వాళ్ళ నాన్నా, నేను ఆరింటికి అని చెప్పింది కూడా ఆరున్నరకి మార్చుకోండి. ఆ అరగంట కారులో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగండి.

సూదిమందు:

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పదేళ్ళు. సోమవారాలు మా దగ్గరికి బీచ్ కేసులు ఎక్కువ వస్తాయి, అవే చెప్తాను.

ఉప్పునీళ్ళు తాగి వాంతులు, విరేచనాలు. కొద్దిగా తాగితే మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పడుతుంటే సర్దుకుంటుంది. బాగా తాగి తూలుతున్నా, వణుకుతున్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి. వడదెబ్బ కూడా అంతే. నాలుక పొడవుగా బయటపడి, చిగుళ్ళు ఎర్రగా కంది, చిక్కటి చొంగ కారుతుంటే నీడలోకి తెచ్చి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి గాలి తగలనివ్వాలి. లాబ్రడార్ పోలిక ఉన్నవాటికి వేడి త్వరగా ఎక్కుతుంది.

జాలరులు వల దులిపినప్పుడు పనికిరానివి ఒడ్డునే పారేస్తారు. వాటిలో బంతిలా ఉబ్బే చేప ఒకటుంటుంది. దాని విషం ఎండినా పోదు, ఉడికినా పోదు. తిన్న కుక్కకి కాళ్ళు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. అందుకే ఒడ్డున పడున్న ఏ చేపనీ ముట్టనివ్వొద్దు.

ఇసుక దిబ్బల మీద పెరిగే ముళ్ళ గడ్డి, రావణాసురుడి మీసాలంటారు కదా, దాని కొసలు సూదుల్లా వేళ్ళ సందుల్లో దిగి విరిగిపోతాయి. నాలుగు రోజులకి చీము పట్టాక తెస్తారు. ఇంటికెళ్ళగానే మంచినీళ్ళతో కడిగి, వేళ్ళు విడదీసి ఒక్కో సందూ చూడండి, అప్పుడే చెవుల లోపల, తోక మొదట్లో గోమార్లు కూడా చూసేయొచ్చు. రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పదు. ఊరకుక్క కరిస్తే టీకా ఉన్నా సరే, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధార కింద కడిగి తీసుకురండి.

జున్ను వాళ్ళ నాన్న:

వెళ్ళొచ్చాం. ముందు అందరికీ దండాలు. నల్లోడమ్మ గారూ, మిమ్మల్ని ఇక అమ్మా అనే పిలుస్తాను.

కనుమ మర్నాడు వెళ్ళాం. మంగమారిపేటలో కారాపి, మీరు చెప్పినట్టే వెలుగొచ్చేదాకా కూర్చున్నాం. దింపగానే జున్ను ఒక ఎర్ర పీతని చూశాడు. అది కన్నంలోకి దూరింది. వీడు కన్నం మీద ముక్కు పెట్టి తోక కూడా కదపకుండా ఎంతసేపు నిలబడ్డాడో. పొడి ఇసుక కాబట్టి నేను మెల్లగా నీళ్ళ అంచుకి మళ్ళించాను. రాతి తోరణం దాకా పోలేదు, పోటు మీద ఉంది. ఊళ్ళో నాలుగు కుక్కలు ఎదురొచ్చాయి. వంపు తిరిగి నడిచిపోయాం, నిజంగానే ఊరుకున్నాయి. తొట్లకొండకి నాన్నా నేనూ వెళ్ళాం, నాన్న ఆ తొట్ల దగ్గర్నుంచి కదల్లేదు.

ఎర్రమట్టి దిబ్బల్లో అమ్మ జీడిచెట్టు కింద కూర్చుంటే జున్ను ఆమె చీర కుచ్చిళ్ళ మీద తల పెట్టుకుని పడుకున్నాడు. చీరకి ఎర్ర మరక పడింది. ఉతికినా పోలేదు, అమ్మ ఏమీ అనలేదు.

భీమిలిలో మాత్రం గంటసేపు నీళ్ళలో దిగలేదు. నేను చీలమండ లోతులో నిలబడి నిలబడి కాళ్ళు మొద్దుబారాయి. పిలవొద్దన్నారని పిలవలేదు. చివరికి అమ్మ చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని నాన్న భుజం ఆసరాతో నీళ్ళలోకి వచ్చింది. ఆమె రెండడుగులు వేసిందో లేదో వీడు ఒక్క గెంతు గెంతి ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. పొట్ట దాకా నీళ్ళు. ఆమె కాలికి ఒంటిని ఆనించి, నది వైపు చూస్తూ. ఉప్పునీళ్ళు ఒక్క గుక్క కూడా తాగలేదు, గిన్నెలో నీళ్ళు రెండుసార్లు నింపాం.

తిరిగి వచ్చేటప్పుడు చేపలుప్పాడ దగ్గర ఐదు నిమిషాలు ఆగాం, అదే తప్పైంది. ఒడ్డున చచ్చిన తాబేలు ఒకటి పడుంది. నేను చూసేలోపే జున్ను తాడు చివరికంటా వెళ్ళి దాని మీద వీపు పెట్టి దొర్లేశాడు. లాగి తెచ్చాను కానీ ఆ వాసన కారంతా పట్టింది. ఆ తాబేలు డొప్ప మీద వల తాడు గీసుకుపోయిన గాటు ఉంది. అమ్మ దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. అక్కడున్న ఒక జాలరి పెద్దాయనకి చెప్తే ఫారెస్టు వాళ్ళకి చెప్తానన్నాడు.

రెండుసార్లు స్నానం చేయించాను, వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఏం చెయ్యాలో చెప్పండి. అమ్మ వచ్చే ఆదివారం దాకా ఉంటానంటోంది, మళ్ళీ వెళ్దామా అని ఆమే అడిగింది.

నల్లోడమ్మ:

నల్లోడు ఆ పని మూడుసార్లు చేశాడు. ముందు పొడిగా ఉండగానే శనగపిండి దట్టంగా పట్టించి పావుగంట ఆగి దువ్వెయ్యండి, ఆ జిడ్డు చాలావరకు దాంతోనే వస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, కుక్కల షాంపూ. మెడ పట్టీని విడిగా నానబెట్టండి. అందరూ కుక్కని కడిగి పట్టీని మర్చిపోతారు, వాసన అందులోనే దాక్కుంటుంది. సబ్బుగానీ కుంకుడు రసంగానీ కళ్ళలో పడనివ్వొద్దు.

ఆదివారం మేం ఆరున్నరకి భీమిలి లైట్‌హౌస్ దగ్గర ఉంటాం. నల్లోడి మెడలో ఎర్ర గుడ్డ ఉంటుంది, గుర్తుపట్టండి. ముసలాడయ్యాడు, కొత్త కుక్కని చూస్తే ముందు ఒకసారి గుర్రుమంటాడు. చైనులు పొట్టిగా పట్టుకుని ఇద్దర్నీ పక్కపక్కన ఓ వంద అడుగులు నడిపిద్దాం, ఆ తర్వాత మూతులు చూసుకోనిద్దాం. మీ అమ్మగారికి చెప్పండి, కాఫీ నేను తెస్తాను.